ఆశకి రేటెంత?

సంక్రాంతి సెలవులకి రాజోలు వెళ్తే ఊరంతా కోడిపందాల బరి దగ్గరుంటుంది. మేం నలుగురం మాత్రం అరుగు మీద చింతపిక్కలతో పోకర్ ఆడతాం. ఈసారి అక్కడ మొదలైన వాదనే ఈ వ్యాసం.

కుప్పలో 100 పిక్కలు. నేల మీద తెరిచిన నాలుగు ముక్కల్లో రెండు ఆటీన్లు. నా చేతిలో ఇంకో రెండు. చివరి ముక్క ఆటీన్ పడితే నాకు ఫ్లష్, లేకపోతే ఏమీ లేదు. మా బావ దగ్గర రెండు ఆసులు. భయపడి 400 తోసేశాడు. నేను ముక్కలు పడేశాను. "నెగ్గాను కదరా!" అన్నాడు. నెగ్గాడు, కానీ తక్కువ నెగ్గాడన్నది నా వాదన.

లెక్క చూడండి. నాకు కనబడని ముక్కలు 46, వాటిలో ఆటీన్లు 9. అంటే అయిదు సార్లలో ఒకసారి కూడా పూర్తిగా రాదు. బావ 20 పెడితే నేను 20 కట్టి 120 కోసం ఆడతాను. 46 సార్లలో 9 సార్లు 120 వస్తుంది, 37 సార్లు 20 పోతుంది. 1080 రాబడి, 740 ఖర్చు. లాభం నాదే. అదే 50 పెడితే 1350 రాబడి, 1850 ఖర్చు. ఆశపడి కట్టానో, నష్టం నాదే.

బావ వైపు నుంచి చూస్తే నేను పారిపోతే అతనికి 100. నేను కడితే 20 పందానికి సగటున 93, 50కి 111, 100కి 141. కాబట్టి పందెం అంటే కోపమో భయమో కాదు, ఎదుటివాడి ఆశకి మనం చెప్పే రేటు. వాడు ఇంకా కొనేంత, కొన్నాక నష్టపోయేంత ఉండాలి.

ఒక మెలిక ఉంది. ఆటీన్ పడ్డాక కూడా పౌరుషానికి పోయి బావ ఇంకో 56 పిక్కలు సమర్పించుకుంటే, 50 కట్టడం నాకు లాభమే అయిపోతుంది. రేటు చెప్పడం ఎంత ముఖ్యమో, ఓడాక ఆగడం అంత ముఖ్యం.

ఇప్పుడు అసలు మాట. 1967లో మన రాష్ట్రం నుంచి వెళ్లిన కేసులోనే సుప్రీంకోర్టు రమ్మీ ప్రధానంగా నైపుణ్యమని, మూడుముక్కలాట వట్టి అదృష్టమని చెప్పింది. 2020లో ఆంధ్రప్రదేశ్ డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటల్ని ఆపింది. 2025లో కేంద్ర చట్టం నైపుణ్యమైనా అదృష్టమైనా ఒకటేనని డబ్బు పెట్టే ఆన్‌లైన్ ఆటలన్నీ నిషేధించింది. "నైపుణ్యం ఉంది కదా, ఎందుకు ఆపాలి?" అని మనవాళ్లు అడుగుతారు. ఉందండి, కాదనను. నైపుణ్యం ఉన్నవాడు రేటు చెప్తాడు, మిగతావాళ్లు కొంటారు. భయం అక్కడే.

నాకు తెలిసిన సీనియర్ ఒకాయన ఫోన్లో ఆడి పరీక్ష ఫీజు పోగొట్టుకున్నాడు. లెక్క రాక కాదు, ప్రాబబిలిటీ మాకు చెప్పిందే ఆయన. సగటు అనేది వేలసార్లు ఆడితేగానీ కనబడదు. ఆయన దగ్గరున్నది ఒక్క ఫీజు.

అందుకే నా మాట: పోకర్ నేర్చుకోండి, బుర్రకి మంచిదే. కానీ పిక్కలతో ఆడండి. పోయినా చింతచెట్టు మళ్ళీ కాస్తుంది.