మొక్క మందైనా సరే, మాకు చెప్పండి



కీమో వార్డులో ఈ మధ్య మాకు తరచు ఎదురవుతున్న ప్రశ్న ఒకటుంది. “సిస్టరుగారూ, పసుపును నానో మందుగా చేసి కాన్సర్‌కు వాడుతున్నారట గదా! మరి మేము పసుపు మాత్రలు వేసుకుంటే తప్పేమిటి?”

ప్రశ్న మంచిదే. ముందుగా ఆ నానో సంగతి చూద్దాం.

కీమో మందు రక్తంలో కలిసి ఒళ్ళంతా తిరుగుతుంది. గడ్డతో పాటు జుట్టు కుదుళ్ళనూ, నోటి లోపలి పొరనూ దెబ్బతీస్తుంది. మీరు “ఎర్ర మందు” అని పిలిచే డాక్సోరుబిసిన్ గుండెకు కూడా హాని చేయగలదు. అందుకని శాస్త్రజ్ఞులు ఆ మందును అతి చిన్న కొవ్వు బుడగలలో నింపారు. ఒక్కో బుడగ తలవెంట్రుక మందంలో దాదాపు వెయ్యో వంతు. దీనినే నానో వాహకం అంటారు. ఈ బుడగల మందుకు 1995లో అమెరికాలో అనుమతి వచ్చింది. గుండెకు హాని తగ్గింది గాని, అరచేతులు, అరికాళ్ళు ఎర్రబడి మండే బాధ ఎక్కువైంది. 2017లో ఒక రకం తీవ్ర రక్త కాన్సర్‌కు రెండు కీమో మందులను 5:1 పాళ్ళలో ఒకే బుడగలో పెట్టిన మందు కూడా వచ్చింది.

ఇప్పుడు పరిశోధకులు కీమో మందుతో పాటు పసుపులోని కర్క్యుమిన్ వంటి మొక్కల పదార్థాలను అదే వాహకంలో పెట్టి చూస్తున్నారు. కాన్సర్ కణం తనలోకి వచ్చిన మందును బయటకు నెట్టివేస్తుంది. ఆ నెట్టివేతను కర్క్యుమిన్ అడ్డుకుంటుందని వారి ఆశ. అయితే ఈ ప్రయోగాలలో ఎక్కువ భాగం గాజుపాత్రలలో పెంచిన కణాల మీద, ఎలుకల మీద జరిగినవే.

ఇక అంగడిలో దొరికే మాత్ర సంగతి వేరు. కర్క్యుమిన్ నీటిలో సరిగా కరగదు. మింగితే రక్తంలోకి చేరేది బహు స్వల్పం. అందుకే చాలా మాత్రలలో మిరియాలలోని పైపరిన్ కలుపుతారు. కాలేయం మందులను విరిచివేసే పనిని పైపరిన్ మందగింపజేయగలదు. అప్పుడు మీ ఇతర మందుల మోతాదు లెక్క తప్పవచ్చు. ఇలాంటి మాత్రల వలన కొందరికి కాలేయం దెబ్బతిన్న సంఘటనలూ ఉన్నాయి. కూరలో వేసే చిటికెడు పసుపుకు మాత్రం భయపడనక్కరలేదు.

మేము మొక్కలను చిన్నచూపు చూడటం లేదు. మన పెరట్లో పూసే బిళ్ళగన్నేరు నుండే విన్‌క్రిస్టిన్ అనే కీమో మందు వచ్చింది. పెద్దవారికి కూడా ఒక్కసారికి సాధారణంగా 2 మిల్లీగ్రాములు దాటనివ్వము. నరంలోకి తప్ప వేరే చోట ఇస్తే ప్రాణానికే ముప్పు. అందుకే ఇద్దరు నర్సులు సరిచూచిన తరువాతే ఎక్కిస్తాము. మొక్క నుండి వచ్చిందని దాని బలం తగ్గలేదు.

ఆ మధ్య ఒక తల్లికి రక్తపరీక్షలో కాలేయపు అంకెలు పెరిగాయి. డాక్టరుగారు తరువాతి విడత వాయిదా వేశారు. కారణం తెలియక అందరమూ తికమకపడ్డాము. చివరకు ఆమె కుమార్తె సంచిలోనుండి ఒక మాత్రల సీసా తీసింది. “ముందే ఎందుకు చెప్పలేదమ్మా?” అని అడిగితే, “మీరు కోప్పడతారని” అన్నది ఆ తల్లి. కారణం ఆ మాత్రలే అని మేము రూఢిగా చెప్పలేము. కాని ఆ జవాబు మాకు గుచ్చుకుంది. నిజమే, ఆకుపసరు మాట ఎత్తితే చాలు, మేము కసురుకున్న రోజులున్నాయి. ఆ తప్పు మాది.

కనుక మా అభిప్రాయం ఇది. అడగటం మా బాధ్యత, కోపం లేకుండా అడగాలి. చెప్పటం మీ బాధ్యత, దాపరికం లేకుండా చెప్పాలి. వచ్చే విడతకు వచ్చేటప్పుడు మీరు వాడే కషాయం, పొడి, మాత్ర ఏదైనా సరే, సీసాతో సహా తీసుకొని రండి. డాక్టరుగారికి చూపించి, ఏది ఆపాలో, ఏది వాడవచ్చో కలిసి తెలుసుకుందాం. ఈసారి ఎవరమూ కసురుకోము.