తారు పడని దారి

రోడ్డంటే తారురోడ్డేనన్న నమ్మకం మన తరానికి బాగా అబ్బింది. అంతకు ముందు మన భాషలో దారుల పేర్లకు కొదవ లేదు. బాట, డొంక, పుంత, గట్టు, కాలిదారి: ఒక్కొక్క పేరు వెనుక ఒక్కొక్క తీరు నేల, ఒక్కొక్క తీరు నడక. గోదావరి జిల్లాలవారికి పుంత అన్న మాట వినగానే రెండు పక్కలా తుప్పలు, నడుమ బండిచక్రాలు తొలిచిన రెండు గాడులు కళ్ళకు కడతాయి. (మీ వైపు దీనిని ఏమంటారో తెలియజేస్తే సంతోషిస్తాను.) ఇప్పుడా పేర్లన్నీ వెనుకబడి, లెక్కకు రెండే మిగిలాయి: రోడ్డు పడిన ఊరు, రోడ్డు పడని ఊరు. ఈ రెంటికీ నడుమ మూడవది ఒకటి ఉండవచ్చునని నా అభిప్రాయం. దానిని నేను కళ్ళారా చూసినది ఇటలీలో, టస్కనీ సీమలో, సియెనా నగరం చుట్టుపట్ల పల్లెలలో.

అక్కడ ఊరికీ ఊరికీ నడుమ, తోటకూ తోటకూ నడుమ తారు పడని దారులు నేటికీ చాలా ఉన్నాయి. వాటిని 'స్త్రాదె బియాంకె' అంటారు. తెల్లదారులని అర్థం. సున్నపురాతి కంకర పరచి అణగద్రొక్కిన దారులవి. ఎండలో చూస్తే ముగ్గుపిండి పోసినట్లుంటాయి. సియెనాకు ఉత్తరాన కియాంతి కొండలు, ద్రాక్షతోటలు. ఆగ్నేయాన క్రేతె అనే బంకమన్ను గుట్టలు, కోత కోసిన గోధుమ చేలు. ఈ రెంటినీ కలుపుతూ ఆర్బియా అనే చిన్న ఏరు కాస్తెల్లీనా దగ్గర పుట్టి, దక్షిణంగా పారి, బ్వాన్‌కన్వెంతో అనే ఊరి దగ్గర ఓంబ్రోనె నదిలో కలుస్తుంది. సెప్టెంబరు చివరి వారంలో అద్దెకు తీసుకొన్న సైకిలు మీద నాలుగు రోజులు నేను ఆ ఏటికి ఎదురు తొక్కాను. 1260లో ఫ్లోరెన్సు సేనను సియెనావారు చిత్తు చేసిన మాంతపెర్తి ఆ ఏటి ప్రక్కనే ఉన్నది. అంత చరిత్ర మోసిన ఏరు వేసవి దాటేసరికి మన పంటబోదెకు అన్నయ్యలా ఉంటుంది, అంతే!

అది ద్రాక్ష కోతల కాలం. హైదరాబాదు చుట్టుప్రక్కల ఒకప్పటి అనబ్-ఎ-షాహీ తోటలు చూసినవారికి ద్రాక్ష అంటే పందిరి. తల పైకెత్తి చూడవలసిన పంట. ఇక్కడ అది తీగెలకు కట్టిన వరుస. సైకిలు మీద కూర్చుంటే ఆకులు నడుముకూ భుజానికీ మధ్య సాగిపోతుంటాయి. సాంజొవేజె రకం నల్లగుత్తులు వరుసల అడుగున వ్రేలాడుతుంటాయి. గుత్తులు నింపిన చిన్న ట్రాక్టరు ఎదురైతే దిగి ప్రక్కకు తప్పుకోవాలి. తోలేవాడు చెయ్యి ఎత్తుతాడు, మనమూ ఎత్తుతాం. అది దాటిపోయిన తర్వాత కాసేపు తీపి పులుపు కలగలిసిన వాసన, ఆపైన దుమ్ము. సాయంత్రానికి నా పిక్కలు ఇటుకబట్టీలో పనిచేసినవాడి పిక్కల్లా ఉండేవి, రంగు మాత్రం తెలుపు.

ఇటువంటి దారుల కోసమని నేడు 'గ్రావెల్ బైకు' పేరుతో ఒక జాతి సైకిలు అమ్ముతున్నారు. వంచిన హాండిలు, డిస్కు బ్రేకులు, సుమారు 40 మిల్లీమీటర్ల వెడల్పు టైర్లు, వాటిలో కొంచెం తక్కువ గాలి. లక్షలలో ధర. నాకు నవ్వు వచ్చినది టైరు దగ్గర. మన పాలవాళ్ళూ, ధాన్యం బస్తా కట్టుకొని మిల్లుకు పోయేవాళ్ళూ తొక్కిన నల్లని పెద్ద సైకిలు టైరు ఒకటిన్నర అంగుళం. అంటే ఇంచుమించు అదే వెడల్పు. గతుకుల దారికి ఎంత టైరు కావాలో మనవాళ్ళకు ఏ ప్రకటనా చెప్పనక్కరలేకపోయింది. గేర్లు లేవంటారా? మన డెల్టాలో ఎత్తెక్కడిది!

ఈ తెల్లదారులకు పేరు తెచ్చినది 1997లో మొదలైన 'ఎరోయికా' అనే సైకిలు యాత్ర. జాన్‌కార్లో బ్రొక్కి అనే ఆయన కియాంతిలోని గయోలె అనే ఊళ్ళో దానిని ఆరంభించాడు. మొదటి ఏడు 92 మంది వచ్చారు. ఉద్దేశం సూటియైనది: ఈ దారుల మీద తారు పడకుండా చూడటం. 1987కు ముందరి ఇనుప సైకిళ్ళ మీదనే తొక్కాలన్న నియమం దాని గుర్తింపు. 2007 నుండి వృత్తి క్రీడాకారుల పందెం ఒకటి 'స్త్రాదె బియాంకె' దారులనే నమ్ముకొని జరుగుతున్నది. అది సియెనా నడిబొడ్డున ఉన్న గవ్వ ఆకారపు చౌకులో ముగుస్తుంది. 2015 నుండి స్త్రీలకూ ఉన్నది. ఎరోయికా దారి వెంట గుర్తుపలకలు నాటారు కనుక ఏడాది పొడుగునా ఎవరైనా తొక్కవచ్చు.

ఆ వేషాల మీద నాకంత మోజు లేదు. తాతలనాటి ఉన్ని చొక్కా తొడుక్కొని, దుమ్ము కొట్టుకొని, దారి మధ్యలో మద్యం పుచ్చుకొని, సాయంత్రం ఖరీదైన గదికి చేరుకోవటంలో నాటకం పాలు ఎక్కువ. కాని బ్రొక్కి పట్టుకొన్న మూలసూత్రం మాత్రం గట్టిది. దారి నిలవాలంటే దాని మీద నడిచేవాళ్ళుండాలి. ఫలానా దారి అందమైనదని వ్యాసాలు వ్రాస్తే నిలవదు (ఈ వ్యాసంతో సహా).

అయితే ఈ దారులు తెల్లగా మిగిలినది ఎందుకు? ఇది అడగకుండా వాటిని పొగడటం న్యాయం కాదు. టస్కనీలో శతాబ్దాల పాటు సాగినది 'మెద్జద్రీయా' అనే పద్ధతి. మన మాటలో చెప్పాలంటే సగపాలు. భూమి దొరది, కష్టం రైతుది, పంటలో చెరిసగం. 1964లో చట్టం చేసి కొత్త సగపాలు ఒప్పందాలను ఇటలీ నిషేధించింది. అప్పటికే ఆ రైతుల బిడ్డలు కొండదిగి ఫ్యాక్టరీలకు పోతున్నారు. రాతి ఇళ్ళు పాడుపడ్డాయి. మనుషులే లేని దారికి తారు ఎవరు వేస్తారు? నేడు మనం ముచ్చటపడే ఆ తెలుపులో ఆ వలస కూడా కలిసి ఉన్నది. పాడుపడిన ఇళ్ళను తర్వాత దూరదేశపు ధనికులు కొని బాగుచేయించుకొన్నారు. వారికి దుమ్ముదారి ఒక అలంకారం. అక్కడే ఉండి తోట చేసుకొనేవాడికి అది ఆకు మీద పేరుకొనే దుమ్ము, ఆ దుమ్ములో పెరిగే నల్లి. కనుక 'తారు వద్దు' అనే మాట ఎవరి నోట వస్తున్నదో చూసుకోవాలి.

మా పెదనాన్నగారు ఇంతకంటె సూటిగా చెప్పారు. ఫోనులో నా సైకిలు కబుర్లు అన్నీ విని, "ఒరే అబ్బాయీ, పురిటినొప్పులు పడుతున్న మనిషిని బండిలో పడుకోబెట్టి ఆ పుంతన పడి తీసుకుపోయినవాళ్ళంరా మేము. వానాకాలంలో మధ్యలో ఇరుసు దిగబడితే ఏమవుతుందో నీకేం తెలుసు?" అన్నారు. కాదనటానికి నా దగ్గర మాట లేదు, ఉండకూడదు కూడా. 2000లో ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన మొదలైన తరువాత ఎన్నో ఊళ్ళకు అన్ని ఋతువులలోనూ నడిచే రోడ్డు పడింది. అది ప్రాణాలు నిలిపిన పని. ఎవరి ఊరి బురదనూ ఎవరూ అందమని మెచ్చుకోనక్కరలేదు.

కాని పెదనాన్నగారి పుంతా, నేను తొక్కిన తెల్లదారీ ఒకటి కావు. పుంత ఎవరూ పట్టించుకోని దారి. తెల్లదారి పోషణ ఉన్న దారి. నడుము ఎత్తుగా, అంచులు పల్లంగా ఉంటేనే వాననీరు నిలవదు. రెండు పక్కలా కాలువలు పూడకుండా తీయాలి. ఏటవాలులో నీరు దారివెంటే పరుగెత్తి కంకరను ఈడ్చుకుపోకుండా అడ్డంగా గాడులు పెట్టాలి. వాహనాల వేగం ఒక హద్దు దాటితే చక్రం ఎగిరెగిరి పడి నేల మీద అలలు లేస్తాయి. వాటిని యంత్రంతో గీకి మళ్ళీ చదును చేయాలి. ఇదంతా ఏటేటా ఖర్చు. తారు వేస్తే కొన్నేళ్ళు ఆ ఊసు ఎత్తనక్కరలేదు. గుత్తేదారుకూ, అధికారికీ తారు మీద ప్రేమ అందుకే. కాని తారుతోపాటు వచ్చేది వేగం. కంకర మీద మెల్లగా వచ్చిన కారు తారు మీద దూసుకుపోతుంది. అంతవరకూ దారి నడుమన నడిచిన మనిషి అంచుకు జరుగుతాడు, ఆ తర్వాత ఆ దారికే రావటం మానుకొంటాడు. ఆ నాలుగు రోజులలో నాకు ఎదురైన ముసలివారు, కుక్కను తిప్పేవారు, బడి పిల్లలు అందరూ దారి మధ్యలోనే నడిచారు. అది నన్ను అన్నిటికంటె ఆకట్టుకొన్నది.

మన దగ్గర ఇది ఎక్కడ పనికివస్తుంది? ఊరికి ఒక తారురోడ్డు ఉండి తీరాలి, అందులో వాదం లేదు. రెండవ దారి, మూడవ దారి సంగతి నేను అడుగుతున్నాను. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన తర్వాత గోదావరి డెల్టాలో కాలువలు ఎంత దూరం పోయాయో గట్లూ అంత దూరం పోయాయి. నీటి ప్రక్కన, చెట్ల నీడన, ఎత్తుపల్లాలు లేని ఇటువంటి దారి టస్కనీవారికి కూడా లేదు! ఊరి రికార్డులలో 'పుంత పోరంబోకు' అని వ్రాసి ఉన్న జాగాలు చేలలో కలిసిపోతూ, సగం చోట్ల గడ్డివాముల క్రింద ఉన్నాయి. వీటన్నిటికీ తారు అక్కరలేదు, సిమెంటూ అక్కరలేదు. కొలిపించి హద్దురాళ్ళు వేసి, మంచి గ్రావెలు తోలించి, నీరు పోయే దారి చూపించి, మనుషులకూ సైకిళ్ళకూ బండ్లకూ వదిలితే చాలు. కూలీకి చేలోకి పోయేవాళ్ళకూ బడికి పోయే ఆడపిల్లలకూ లారీల బెడద లేని దారి దొరుకుతుంది. సైకిలు సరదా మాబోటివారికి మిగిలితే మిగులుతుంది.

ఇదంతా మళ్ళీ పెదనాన్నగారికి చెప్పాను. ఈసారి వెంటనే కొట్టిపారేయలేదు. కాసేపు ఊరుకొని, "సరే, గట్టు బాగుచేశారనుకో. మర్నాడే ఇసుక ట్రాక్టర్లు ఎక్కుతాయి. వాటికి అడ్డం ఎవరు నిలబడతారు, నువ్వా?" అన్నారు. ఆ జాబు ఇంకా నేను ఆయనకు ఇవ్వవలసి ఉన్నది.