చల్లబడింది సరే, నేల తడిసిందా?



ఎండాకాలం చివర్లో గాలి కాస్త చల్లబడితే చాలు, మన గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ వైపు అందరి చూపూ పత్తి ప్యాకెట్ల మీదికే పోతుంది. నేను చెప్పేది ఒక్కటే: చల్లదనం చూసి విత్తొద్దు, పదును చూసి విత్తాలి.

2025 గుర్తు చేసుకోండి. రోళ్లు పగలాల్సిన రోహిణి కార్తెలో మొగులు కమ్మింది. నైరుతి రుతుపవనాలు మే 24నే కేరళను తాకాయి. 2009 తర్వాత అంత తొందరగా రావడం అదే మొదటిసారి. రెండు రోజులకే తెలంగాణలోకి వచ్చేశాయి. 1901 నుంచి చూస్తే దేశంలో ఏ మే నెలలోనూ అంత వాన పడలేదు. కానీ నెలాఖరుకు రుతుపవనాలు ఆగిపోయాయి. జూన్ సగం దాకా ముందుకు కదల్లేదు.

వ్యవసాయ డిప్లొమా చదివిన నేనే మోసపోయా. రెండెకరాల ఎర్ర చెల్కలో పత్తి పెట్టించా. కట్టె గుచ్చి చూసుంటే జానెడు లోతు కూడా తడవలేదని తెలిసేది. చూడలేదు. తర్వాత రోజూ మొగులే, చల్లగాలే, చుక్క వాన లేదు. సగం గింజలు మొలవలేదు, మొలిచినవి మాడిపోయాయి. 475 గ్రాముల ప్యాకెట్ 901 రూపాయలు. ఎకరానికి రెండు చొప్పున నాలుగు ప్యాకెట్లు, అంటే 3,604 రూపాయలు మట్టిపాలు. మళ్లీ విత్తనాలు, మళ్లీ కైకిలి.

ఎందుకిట్ల అయితది? మనం పడమటి కనుమలకు ఇవతల ఉన్నాం. అరేబియా సముద్రం నుంచి వచ్చే గాలి చాలా వాన ఆ కొండల మీదే దింపేసి వస్తుంది. మొగులు వల్ల ఎండ తగ్గుతుంది, కానీ ఆ గాలే పైమట్టి తడిని ఎత్తుకుపోతుంది. ఒంటికి హాయి, నేలకు కరువు.

"ఆలస్యమైతే దిగుబడి తగ్గదా?" అంటారు. తగ్గొచ్చు. కానీ తిరిగి విత్తితే ఆలస్యం ఎట్లాగూ తప్పదు, పైసలు అదనంగా పోతాయి. అందుకే తేలిక నేలల్లో 50-60, నల్లరేగడిలో 60-75 మిల్లీమీటర్ల వాన పడ్డాకే పత్తి విత్తండి. నిటారు గోడల డబ్బా ఒకటి చేన్లో పెట్టి, వాన వెలిసినంక స్కేలుతో కొలవండి. ఖర్చేం లేదు.

అదే ఏడాది పక్కనున్న అరెకరంలో బీజామృతం, మట్టి, ఘన జీవామృతం పట్టించిన నవధాన్యాల గుళికలు పొడి దుక్కిలోనే చల్లి, పైన వేరుశనగ పొట్టు కప్పా. వాన ఆగిన పదో రోజున పొట్టు తీసి చూస్తే కింద మట్టి ఇంకా చల్లగా, తడిగా ఉంది. కొన్ని రకాలు పోయినా, జొన్న, అలసంద నిలబడ్డాయి. నేలను ఖాళీగా ఎండకూ గాలికీ వదలకపోవడమే మనకున్న బీమా.

కట్టె గుచ్చి పదును చూసే పద్ధతి ఈ వీడియోలో చూపించా. చూసి, మీ ఊర్లో ఎన్ని మిల్లీమీటర్లు పడిందో కామెంట్లో రాయండి. "మంచిగ పడింది" అని కాదు, లెక్క రాయండి!