సీత చీర ఏ రంగు?

ఆమదాలవలసలో రైలు పట్టాలకు కూతవేటు దూరంలో ఒక డాబా ఇల్లు. సాయంత్రం ఏడున్నర దాటాక ఆ ఇంటికి ఎవరు ఫోను చేసినా వచ్చే జవాబు ఒకటే. ''బ్రేకులో మాట్లాడతాను... పెట్టీ!''

అలా అనేది కాలేజీ కుర్రాడు కాదు. సాక్షాత్తూ ఆ ఇంటి అమ్మ!

హాల్లో టీవీకి ఎదురుగా, సరిగ్గా ఫ్యాను కింద ఒక ప్లాస్టిక్ వైరు కుర్చీ ఉంటుంది. అది అమ్మది. దాని పక్కనే మడత మంచం. అది మామ్మది. రిమోట్ అమ్మ ఒళ్లో ఉంటుంది. దానికి పాలిథిన్ కవరు, కవరుకు రెండు రబ్బరు బ్యాండ్లు. ఆ ఏర్పాటంతా అమ్మదే. ఇంటికొచ్చిన చుట్టాలు ఎవరైనా తెలియక ఆ కుర్చీలో కూర్చుంటే మామ్మే లేపేస్తుంది. ''అది మా కోడలిది బాబూ, నువ్వు ఇటొచ్చి కూకో'' అని.

ఈ హోదా అమ్మకి ఒక్కరోజులో వచ్చింది కాదు. ముప్ఫై మూడేళ్లు పట్టింది. అదెలాగో తెలియాలంటే ముందు అమ్మ టీవీ చూసే పద్ధతి తెలియాలి. నిజానికి అమ్మ టీవీ చూసేది కాదు... వినేది!

ఆ ఇంట్లో టీవీ హాల్లో, అమ్మ వంటింట్లో. మధ్యలో గోడ. గోడకి క్యాలెండరు. అయినా ఏ సీరియల్లో ఏం జరుగుతోందో అందరికంటే బాగా అమ్మకే తెలిసేది. వీణ మోగిందంటే కోడలు దేవుడి గదిలో ఉన్నట్టు. ఉరుము ఉరిమిందంటే ఆడపడుచు గుమ్మంలోకి వచ్చినట్టు. ''ఢాం... ఢాం... ఢాం'' అని వరసగా మోగితే ఒకరి ముఖమే మూడువైపుల నుంచి చూపిస్తున్నట్టు. అంటే చారుకి పోపు పెట్టుకునే టైముందన్నమాట!

''సీరియళ్లు తీసేవాళ్లకి వంటింటి సంగతి తెలుసే'' అనేది అమ్మ కూతురితో. ''నిన్న చెప్పింది ఇవాళ మళ్లీ చెప్తారా? ఇవాళ చెప్పింది బ్రేకు తరవాత ఇంకోసారి చెప్తారా? అదంతా ఎవరికోసమనుకున్నావు? మధ్యలో లేచి పాలు దించుకొచ్చే వాళ్ల కోసం!''

ఎంతెంతో చదువుకున్నవాళ్లు కూడా సీరియళ్లు సాగదీస్తారని విసుక్కుంటారు గానీ ఇంత చిన్న సంగతి పట్టుకోలేకపోయారు.

అలాగని అమ్మకి సీరియళ్ల మీద ఫిర్యాదుల్లేవని కాదు. బోలెడున్నాయి. ఆ ఇళ్లలో ఎప్పుడూ గ్యాసు అయిపోదు. కుళాయి నీళ్లు ఎన్నింటికొస్తాయో ఎవరికీ బెంగ లేదు. ''ఇవాళ కూరేటి?'' అని అడిగే మనిషి కనపడడు. పడుకున్నప్పుడు కూడా పట్టుచీరలే. 2017లో స్టార్ మాలో 'కార్తీకదీపం' మొదలై, దీప వంటలక్కగా మారాక అమ్మ మొదటిసారి కొంచెం మెత్తబడింది. ''పోనీలే, పొయ్యి దగ్గర నిలబడే కథానాయిక ఇన్నాళ్లకి ఒకత్తి వచ్చింది'' అని. కానీ నాలుగు రోజులయ్యేసరికి అందులోనూ లోపం దొరికింది. ''అంతమందికి వండుతోంది కదా... చీర మీద ఒక్క పసుపు మరకైనా లేదేటే?''

ఈ వినే విద్య అమ్మకి అబ్బింది 1987లో.

అప్పటికి పెళ్లై కాపురానికొచ్చి నాలుగు నెలలు. నాన్న ఊళ్లోని చక్కెర ఫ్యాక్టరీలో గుమస్తా. వాయిదాల మీద ఒక నలుపూ తెలుపూ టీవీ తెచ్చారు. అటూ ఇటూ తలుపులు జరుపుకునే చెక్కపెట్టె. డాబా మీద ఇనప గొట్టానికి యాంటెన్నా. గాలి గట్టిగా వీస్తే అది తిరిగిపోయేది. నాన్న పైకెక్కి తిప్పుతుంటే కిందినుంచి ఒకరు ''వచ్చింది... వచ్చింది... పోయింది!'' అని అరవాలి.

ఆ ఏడాది జనవరి 25, ఆదివారం నాడు దూరదర్శన్‌లో రామానంద్ సాగర్ 'రామాయణం' మొదలైంది. ఉదయం తొమ్మిదిన్నరకి. ఇక చూడాలి! వీధిలో టీవీ ఉన్నది రెండే ఇళ్లాయె. తొమ్మిదింటికల్లా గుమ్మంలో చెప్పుల గుట్ట. హాల్లో చాపలు, చాపల మీద పిల్లలు, పిల్లల వెనక పెద్దవాళ్లు, కిటికీ చువ్వలు పట్టుకొని మిగిలినవాళ్లు. మామ్మ తలారా స్నానం చేసి, టీవీకి బొట్టు పెట్టి, అగరొత్తులు వెలిగించి అందరికంటే ముందు కూర్చునేది.

హిందీ ముక్క ఎవరికీ రాదు. వస్తే మాత్రం ఏం చేస్తారు, కథ పుట్టినప్పటి నుంచి తెలిసిందే! మొదట్లో మామ్మకి ఒకటే పేచీ. ''ఇతగాడు రాముడేటి? రాముడంటే మన రామారావు కాడేటి?'' అని. నిజమే మరి. అప్పటికి ఆ రామారావు గారు హైదరాబాద్‌లో ముఖ్యమంత్రి కుర్చీలో ఉన్నారు. 'లవకుశ'లో ఆయన్ని చూసిన కళ్లకి ఇంకో రాముడు ఆనడం కష్టమే. అయినా నాలుగైదు వారాలయ్యేసరికి అరుణ్ గోవిల్‌కి కూడా మామ్మ చేతులు జోడించేసింది.

మరి కొత్త కోడలో? వంటింట్లో ఉండేది. ఆదివారం తొమ్మిదిన్నర అంటే ఏమిటి? టిఫిన్ల వేళ. ఇంటివాళ్లకే కాదు, రామాయణానికొచ్చిన వాళ్లకి కూడా టీలు. ''మన గుమ్మం తొక్కినోళ్లకి టీ నీళ్లయినా ఇవ్వకపోతే బాగోదు'' అనేది మామ్మ. ఒక వాయి ఇడ్లీ దిగేసరికి విశ్వామిత్రుడు వచ్చేవాడు. చట్నీ రుబ్బడం అయ్యేసరికి వెళ్లిపోయేవాడు. శివధనుస్సు విరిగిన చప్పుడు అమ్మకి వినబడింది. విరిచిన రాముడు కనబడలేదు. హాల్లోంచి ''అయ్యో'' అంటే దశరథుడనుకుంది. పిల్లలు గోల చేస్తే హనుమంతుడనుకుంది. ఎప్పుడూ తప్పలేదు.

టీ గ్లాసులు తిరిగివ్వడానికి వంటింట్లోకి వచ్చిన పక్కింటి పిన్నిని ఒకసారి అడిగింది. ''పిన్నీ, సీత చీర ఏ రంగు?''

''ఏ రంగేటే? మీ టీవీలో అన్నీ తెలుపే!'' అందావిడ.

ఒక్క ఆదివారం మాత్రం అమ్మ తెల్లవారుజామునే లేచి, అన్నీ ముగించుకొని, చెయ్యి తుడుచుకుంటూ వచ్చి గుమ్మం పక్కన కూర్చుంది. కూర్చుందో లేదో... కరెంటు పోయింది!

1988 జూలై 31న ఆ రామాయణం అయిపోయింది. గాంధీ జయంతి నాడు బి.ఆర్.చోప్రా 'మహాభారతం' మొదలైంది. అదీ ఆదివారం ఉదయమే. అప్పటికి చంకలో పిల్ల కూడా. కురుక్షేత్రం మొత్తం అమ్మ గోడ ఇవతల నుంచే విన్నది.

తరవాత రోజులు మారాయి. 1995లో జెమినీ, ఈటీవీ వచ్చాయి. కేబులు తీగ వచ్చింది, యాంటెన్నా దిగింది. పెట్టె మారి రంగులొచ్చాయి. చేతికి రిమోటొచ్చింది. రిమోటుతోపాటే తగువులొచ్చాయి. నాన్నకి వార్తలు, అబ్బాయికి క్రికెట్టు, అమ్మాయికి పాటలు, మామ్మకి భక్తి. నలుగురూ ఒక రిమోటు కోసం కొట్టుకునేవారు. అమ్మ ఎన్నడూ అడగలేదు. ఏది పెట్టినా వినడమే కదా!

అమ్మకున్న శత్రువు ఒక్కటే... రైలు. శ్రీకాకుళం రోడ్ స్టేషను అంటే హౌరా - చెన్నై మెయిన్ లైను. పగలూ రాత్రీ బళ్లే. సీరియల్లో ఎవరైనా ''నీకో నిజం చెప్పాలి'' అనగానే ఏదో ఒక బండి కూత పెట్టేది. బండి వెళ్లేసరికి నిజం కూడా వెళ్లిపోయేది. 2003లో మొదలైన 'చక్రవాకం'లో ఇలా గూడ్సుబళ్ల కింద పడి పోయిన రహస్యాలు ఎన్నో! హాల్లో ఉన్నవాళ్లు ముఖాలు చూసి పోల్చుకునేవారు. అమ్మ మాత్రం మర్నాడు కుళాయి దగ్గర పక్కింటివాళ్లని అడగాల్సి వచ్చేది.

అలా ఏళ్లు గడిచాయి. చక్కెర ఫ్యాక్టరీ మూతపడింది. నాన్న ఒక కిరాణా హోల్‌సేల్ కొట్టులో లెక్కలు రాయడానికి కుదిరారు. అమ్మాయి పెళ్లై విశాఖపట్నం వెళ్లింది. అబ్బాయి ఉద్యోగానికి హైదరాబాద్ వెళ్లాడు. మామ్మకి కంటిచూపు మందగించింది. టీవీలో రంగులు కదులుతున్నట్టు తెలుస్తుంది తప్ప ముఖాలు ఆనవు.

2020 మార్చి వచ్చింది. జనతా కర్ఫ్యూకి వారం ముందు అబ్బాయి ల్యాప్‌టాప్ పట్టుకొని ఇంటికొచ్చేశాడు. నాన్న కొట్టు కూడా పని తగ్గి ఇంటిపట్టునే ఉన్నారు. ప్రయాణికుల రైళ్లన్నీ ఆగిపోయాయి. అప్పుడప్పుడూ గూడ్సుబళ్లు తప్ప పట్టాల మీద అలికిడి లేదు. ఆ ఇల్లు కట్టాక అంత నిశ్శబ్దం ఎవరూ ఎరగరు.

ఆ నిశ్శబ్దంలో, మార్చి 28 నుంచి, దూరదర్శన్ వాళ్లు మళ్లీ ఆ రామాయణమే వేశారు. రోజూ ఉదయం తొమ్మిదింటికి, రాత్రి తొమ్మిదింటికి. రాత్రి ఆటకి వంటింటి పని అయిపోతుంది. అమ్మ వచ్చి మామ్మ మంచం పక్కన నేల మీద కూర్చునేది. చూపు ఆనని మామ్మ అడుగుతుంటే ఎవరొచ్చారో, ఏం చేస్తున్నారో చెబుతుండేది.

ఒక రాత్రి మామ్మ అడిగింది. ''ఒలే, సీత చీర ఏ రంగే?''

అమ్మ నవ్వింది. ''కాషాయం అత్తా. వనవాసం కదా.''

''అప్పుడు మన టీవీలో రంగులు నేవు కదేటి. నువ్వూ సూసినావు కదా!''

''నేనెక్కడ చూశానత్తా? ఇడ్లీలు దించుతున్నాను కదా'' అంది అమ్మ. దెప్పినట్టు కాదు. టీవీ మీంచి చూపు తిప్పకుండానే, ఉన్నమాట అన్నట్టు అంది.

మామ్మ ఏమీ అనలేదు. బ్రేకు వచ్చింది, అయిపోయింది. అప్పుడు మెల్లిగా అడిగింది. ''ఒక్క ఆదివారమైనా నేదా?''

''ఒక్కసారి వచ్చాను. కరెంటు పోయింది.''

అబ్బాయి పగలబడి నవ్వాడు. నాన్న కూడా నవ్వబోయి, మామ్మ ముఖం చూసి ఆగిపోయారు.

మర్నాడు ఉదయం తొమ్మిదికి పది నిమిషాలుంది. అమ్మ టీకి నీళ్లు పెట్టబోతుంటే హాల్లోంచి మామ్మ కర్ర నేల మీద టకటకా కొట్టింది. పిలిచింది కోడల్ని కాదు, కొడుకుని. అరవై దాటిన కొడుకుని!

''ఒరే, టీ నువ్వెట్టు. అది కూకుంటాది. ఆ వైరు కుర్సీ టీవీకి ఎదురుగా ఎయ్యి.''

అమ్మ వద్దు వద్దంటున్నా మామ్మ వినలేదు. కుర్చీ వచ్చింది. అమ్మ కూర్చుంది. ఒకసారి లేవబోయింది కూడా. మామ్మ చెయ్యి ఆమె మోకాలి మీద పడింది. అంతే, కూర్చుండిపోయింది.

వంటింట్లోంచి నాన్న గొంతు. ''టీపొడి ఎక్కడ?''

''రెండో అరలో, ఎర్రమూత డబ్బా.''

''అల్లం?''

''కూరల బుట్టలో.''

కాసేపటికి మళ్లీ గోడ అవతల నుంచి... ''ఒలమ్మ... ఆ చప్పుడేటి? ఇప్పుడేటయింది?''

అమ్మ, మామ్మ మొహామొహాలు చూసుకున్నారు. ఈసారి ముందు నవ్వింది మామ్మ.

టీ వచ్చింది. అమ్మ ఒక గుక్క తాగింది. చక్కెర లేదు! జీవితంలో సగం చక్కెర బస్తాలు లెక్కపెట్టిన మనిషి టీలో చక్కెర వేయడం మరిచిపోయారు. రామాయణం వింటూ కలిపారాయె. ఇంకో రోజైతే అమ్మ వెంటనే లేచి డబ్బా తెచ్చేది. ఆ రోజు మాత్రం గ్లాసు పట్టుకొని అలాగే చప్పటి టీ తాగుతూ కూర్చుంది. బ్రేకు వచ్చేదాకా లేవలేదు.

ఆ ఏప్రిల్ 16న ఒక్కరోజే 7.7 కోట్ల మంది రామాయణం చూశారని దూరదర్శన్ ప్రకటించింది. పేపర్లో అది చదివి అబ్బాయి అన్నాడు. ''అమ్మా, అందులో నువ్వూ ఉన్నావే!'' అమ్మ తేలిగ్గా అంది. ''అప్పట్లో ఎంతమంది చూశారో గానీ, ఎంతమంది విన్నారో లెక్కపెట్టారా?''

తరవాత రైళ్లు మళ్లీ తిరిగాయి. అబ్బాయి హైదరాబాద్ వెళ్లిపోయాడు. వంటలక్క కథ 2023 జనవరిలో ముగిసింది. ఇప్పుడు ఎవరి ఫోను వారి చేతిలో ఉంది. రిమోటు కోసం కొట్టుకునేవాళ్లే లేరు. కానీ వైరు కుర్చీ అక్కడే ఉంది, మడత మంచం పక్కన. ఏడున్నరకి టీ ఇప్పటికీ నాన్నే పెడతారు. చక్కెర సరిపోతోంది. రైలు వచ్చినప్పుడు అమ్మ రిమోటుతో సౌండు పెంచి, తెర మీద జరిగేది మామ్మ చెవిలో చెబుతుంది.

ఇంతకీ మీ ఇంట్లో ఆ రామాయణం చూసినవారెవరు, విన్నవారెవరు? తీరిక చేసుకొని ఒకసారి అమ్మని అడిగి చూడండి. ఏడున్నరకి మాత్రం అడక్కండి... బ్రేకు దాకా ఆగాల్సి వస్తుంది!