‘పాతవే కొనసాగించండి’ అంటే సరిపోదు

వృద్ధుల సంరక్షణ కేంద్రంలో కొత్తగా ఒక పెద్దాయన చేరితే, ఆయన వెంట ఆసుపత్రివారిచ్చిన డిశ్చార్జి సమ్మరీ, పాత చీటీల కట్ట, మందుల సంచి వస్తాయి. ఈ మూడింటిలోని మందులు తరచుగా ఒకదానితో ఒకటి సరిపోలవు. ఆ తేడాను మొదట గమనించేది నర్సు. ఆమె వైద్యునికి ఫోను చేస్తుంది. “పాతవే కొనసాగించండి” అన్న ఒక్క ముక్కతో అటువైపు ఫోను పెట్టేస్తారు. ఈ మాటను వైద్య ఆదేశంగా ఎవరూ అంగీకరించరాదని నా వాదన.

ఏవి పాతవి? ఆసుపత్రికి పోకముందు వాడినవా, అక్కడ మార్చి ఇచ్చినవా, సంచిలో మిగిలిపోయినవా? మన దేశంలో ఒకే మందు అనేక వ్యాపార నామాలతో దొరుకుతుంది. స్టామ్‌లో, ఆమ్‌లాంగ్ రెండూ ఆమ్లోడిపిన్ అనే రక్తపోటు మందే. థైరోనార్మ్, ఎల్ట్రాక్సిన్ రెండూ థైరాక్సినే. సంచిలో రెండూ ఉంటే, ఆ ఆదేశం ప్రకారం రెండూ వేయవలసిందే. రక్తపోటు పడిపోయి, ఆ వృద్ధుడు తెల్లవారుజామున లేవబోయి తూలిపడి తుంటి విరగగొట్టుకుంటే, తప్పును వయసు మీదికి నెట్టివేస్తాము. కీళ్లవాతానికి వారానికొక్కసారి వేసుకోవలసిన మెథోట్రెక్సేట్‌ను రోజూ వేస్తే ఎముక మజ్జ దెబ్బతిని ప్రాణమే పోవచ్చు. మూత్రపిండాలు బలహీనపడిన మనిషికి గ్లిబెన్‌క్లమైడ్ కొనసాగిస్తే రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు.

అనుమానం ఉన్నవాటిని డాక్టరు వచ్చేదాకా ఆపవచ్చు గదా అని మీరడగవచ్చు. అన్నిటినీ ఆపలేము. మూర్ఛ మందును, చాలాకాలంగా వాడుతున్న స్టెరాయిడ్‌ను, గుండెకు ఇచ్చే బీటా బ్లాకర్‌ను హఠాత్తుగా మానరాదు. పార్కిన్సన్స్ మందు వేళ తప్పితే రోగి మంచం మీద కదలలేకపోవచ్చు. వేయడమూ ప్రమాదమే, మానడమూ ప్రమాదమే. నిర్ణయించే అధికారం నర్సుకు లేదు. అనర్థం జరిగితే నింద మాత్రం ఆమెదే. రెండోసారి ఫోను చేస్తే “ఆ మాత్రం తెలియదా” అనే విసుగు ఎదురవుతుంది. మూడోసారి ఆమె అడగడం మానేస్తుంది. రోగికి అసలు ముప్పు ఆ మౌనంలోనే ఉంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో మందుల వల్ల కలిగే హానిని తగ్గించే కార్యక్రమం ప్రారంభించినప్పుడు, రోగి ఒకచోటి నుండి మరొకచోటికి మారే సమయాన్ని మూడు ప్రధానాంశాలలో ఒకటిగా గుర్తించింది. అమెరికాలో ఇటువంటి కేంద్రాలకు ఫెడరల్ నిబంధనలున్నాయి. చేరే సమయానికే వైద్యుని ఆదేశాలుండాలి; 48 గంటలలో ప్రాథమిక సంరక్షణ ప్రణాళిక సిద్ధం కావాలి; కనీసం నెలకొకసారి ఫార్మసిస్టు మందులన్నిటినీ పరిశీలించాలి. ఇంత ఏర్పాటు మన దగ్గర రేపే రాకపోవచ్చు. ఒక్క కాగితం మాత్రం ఈరోజే సాధ్యం.

ఆ కాగితంలో ప్రతి మందుకూ అసలు పేరు, మోతాదు, వేళ, వాడుతున్న కారణం, చివరిసారి వేసుకున్న సమయం నర్సు రాయాలి. ప్రతి పేరు ఎదుట కొనసాగించాలి, మార్చాలి, ఆపాలి అన్న మూడింటిలో ఒకదానిని వైద్యుడు తేల్చాలి. ఫోనులో చెబితే, నర్సు రాసుకున్నది తిరిగి చదివి వినిపించాలి. వైద్యుడు వచ్చినప్పుడు సంతకం చేయాలి. తీరిక లేదనే వైద్యమిత్రులకు నా మనవి ఇదే: పన్నెండు మందులను సరిచూడడానికి పది నిమిషాలు కేటాయించలేనివారు, ఆ రోగి బాధ్యతను స్వీకరించకూడదు.

పాఠకులారా, మీలో చాలామంది హైదరాబాదులోనో, అమెరికాలోనో ఉండి, ఊళ్లోని తల్లిదండ్రులను ఇటువంటి కేంద్రంలో చేర్చి ఉంటారు. గది, భోజనం, నెలకు కట్టవలసిన సొమ్ము, అన్నీ అడిగి తెలుసుకుంటారు. మందుల జాబితాను ఏ డాక్టరు చూశారో, సంతకమెక్కడుందో కూడా అడగండి. దుకాణంలో కొన్న నొప్పి మాత్రలు, ఆయుర్వేద మందులు, కంటి చుక్కలు ఏవీ దాచక నర్సుకు చెప్పండి. ఆమె డాక్టరును పదేపదే ప్రశ్నిస్తుంటే విసుక్కోకండి. మీ అమ్మ తరఫున అడుగుతున్నది ఆమె ఒక్కతే కావచ్చు.