సర్జరీ సొసైటీ ప్రెసిడెంట్‌ను ఎన్నుకునేది ఎవరు?

బెల్లంపల్లి లాంటి బొగ్గుబాయిల పట్టణం నుంచి చూస్తే డాక్టర్ చదువు ఇప్పుడు చాలా దగ్గరికి వచ్చింది. 2008లో ఆదిలాబాద్‌లో రిమ్స్ మొదలైనప్పుడు ఉమ్మడి జిల్లా మొత్తానికి అదొక్కటే ప్రభుత్వ వైద్య కళాశాల. 2022 నవంబర్‌లో మంచిర్యాల, రామగుండం, జగిత్యాలతో కలిపి 8 కాలేజీలు ఒకేరోజు మొదలయ్యాయి. మరుసటి ఏడు ఆసిఫాబాద్, నిర్మల్, కరీంనగర్ వాటికి తోడయ్యాయి. బెల్లంపల్లి సాంఘిక సంక్షేమ గురుకులంలో చదివే పిల్లలకు తెల్లకోటు ఇప్పుడు హైదరాబాద్‌లోనో వరంగల్‌లోనో ఉండే వస్తువు కాదు. బస్సెక్కితే మంచిర్యాలలోనే ఉంది.

ఈ కొత్త కాలేజీల్లో తొలి బ్యాచ్‌లు సీనియర్లయ్యాయి. కాలేజీ లోపలి అలవాట్లు స్థిరపడేది ఈ కాలంలోనే. క్విజ్ క్లబ్బు, రీసెర్చ్ క్లబ్బు, సర్జరీ సొసైటీ వంటివి పుట్టేదీ ఇప్పుడే. సీట్ల విషయంలో చట్టం ఉంది. తెలంగాణలో ఎస్సీలకు 15 శాతం, ఎస్టీలకు 10 శాతం. 2025 ఏప్రిల్ 14 నుంచి ఎస్సీల వాటా మూడు గ్రూపులుగా, 1, 9, 5 శాతాల లెక్కన పంచుతున్నారు. కానీ సీటు దొరికి లోపలికి వెళ్లిన తర్వాత ఎవరు ముందు నిలబడతారు, ఎవరు వెనక బెంచీలో ఉంటారు అన్నదానికి రాసిపెట్టిన నియమం లేదు. సర్జరీ సొసైటీ ప్రెసిడెంట్ పదవి ఈ లోటుకు చిన్న ఉదాహరణ. చిన్నదే అయినా దాని వెనక ఉన్నది పెద్ద సంగతి అని మా అభిప్రాయం.

విద్యార్థుల సర్జరీ సొసైటీ చేసే పనులేమిటో ముందు చూద్దాం. కుట్లు వేయడం, ముడులు కట్టడం నేర్పే వర్క్‌షాపులు పెడుతుంది. పెద్ద సర్జన్లను పిలిచి ఉపన్యాసాలు ఇప్పిస్తుంది. కాన్ఫరెన్స్‌లకు పోస్టర్లు, కేసు రిపోర్టులు పంపిస్తుంది. పీజీ సీటు నీట్ ర్యాంకుతోనే వస్తుంది కాబట్టి ఈ పదవితో ఒరిగేదేమీ లేదని కొందరంటారు. అది సగం నిజమే. మిగతా సగం ఆపరేషన్ థియేటర్‌లో తెలుస్తుంది. ప్రొఫెసర్‌కు పేరు తెలిసిన విద్యార్థిని చేతులు కడుక్కుని టేబుల్ దగ్గరికి రమ్మంటారు. పేరు తెలియనివాళ్లు గోడకు ఆనుకుని చూస్తారు. కేసు రిపోర్టు మీద ఎవరి పేరుండాలి, సిఫారసు ఉత్తరం ఎవరికి దక్కాలి అన్నవి కూడా ఆ పరిచయంలోంచే తేలతాయి. ఆ పరిచయానికి సొసైటీ పదవి దగ్గరి దారి.

మరి ప్రెసిడెంట్ ఎలా వస్తారు? చాలా క్యాంపస్‌లలో తీరు ఒకటే. దిగిపోయే సీనియర్లు తమకు నచ్చిన జూనియర్ పేరు చెబుతారు. ఒక ప్రొఫెసర్ తల ఊపుతారు. వాట్సాప్ గ్రూపులో అభినందనలు మొదలవుతాయి. నోటీసు బోర్డు మీద కాగితం ఉండదు, ఓటూ ఉండదు. ‘చురుకైనవాళ్లను తీసుకున్నాం’ అంటారు. ఆ చురుకు అన్న మాటలో గడగడా వచ్చే ఇంగ్లిష్, ఒకే కార్పొరేట్ కాలేజీలో కలిసి చదివిన స్నేహం, ఇంట్లో డాక్టర్ ఉండటం వల్ల వచ్చిన ధైర్యం అన్నీ కలిసి ఉంటాయి. కులం పేరు ఎవరూ ఎత్తనక్కర్లేదు. పని దానంతట అదే జరిగిపోతుంది.

ఇది మా ఊహ కాదు. ఢిల్లీ ఎయిమ్స్‌లో ఎస్సీ, ఎస్టీ విద్యార్థుల పరిస్థితిపై 2006 సెప్టెంబర్‌లో ప్రొఫెసర్ సుఖదేవ్ థోరట్ అధ్యక్షతన కమిటీ వేశారు. 2007 మేలో నివేదిక వచ్చింది. టీచర్ల నుంచి తగినంత సాయం అందడం లేదని మాట్లాడిన ఎస్సీ, ఎస్టీ విద్యార్థుల్లో సుమారు 69 శాతం మంది చెప్పారు. వేధింపులకు తట్టుకోలేక గదులు మారి, హాస్టల్‌లో కొన్ని అంతస్తుల్లోనే వాళ్లంతా చేరిన తీరును, మెస్‌లో, ఆటల్లో, సాంస్కృతిక కార్యక్రమాల్లో విడిగా మిగిలిపోవడాన్ని ఆ నివేదిక నమోదు చేసింది. ఆటల్లో, పాటల్లో కలవనిచ్చే వాతావరణమే లేనిచోట సొసైటీ నాయకత్వం దానంతట అదే చేతికి వస్తుందని ఎలా అనుకోగలం?

అదే ఎయిమ్స్ 2006 వేసవిలో ఓబీసీ రిజర్వేషన్లకు వ్యతిరేకంగా సాగిన ఆందోళనకు కేంద్రమైంది. టీవీల్లో ‘డాక్టర్ల మాట’గా వినిపించింది ఆ గొంతే. డాక్టర్లలో దళితులున్నారు, ఆదివాసీలున్నారు, బీసీలున్నారు. సంఘం పేరు మీద మాట్లాడే కుర్చీ మాత్రం వాళ్ల దగ్గర లేదు. అందుకే పదవి అంటే సర్టిఫికెట్ మీద ఒక వరుస మాత్రమే కాదంటున్నాం. తోటి విద్యార్థికి అవమానం జరిగిన రోజు డిపార్ట్‌మెంట్ తలుపు తట్టే అధికారం ఎవరికుంది అన్నది కూడా. ముంబైలో 2019 మేలో డాక్టర్ పాయల్ తడ్వీని, వరంగల్ కాకతీయ మెడికల్ కాలేజీలో పీజీ చేస్తున్న డాక్టర్ ధరావత్ ప్రీతిని 2023 ఫిబ్రవరిలో పోగొట్టుకున్నాం. ఇద్దరూ ఆదివాసీ, గిరిజన కుటుంబాల నుంచి వచ్చినవాళ్లు. సీనియర్ల వేధింపుల ఆరోపణలు రెండు చోట్లా వచ్చాయి. జూనియర్ల పక్షాన నిలబడే ఎన్నికైన ప్రతినిధి ఉండటం ఎంత అవసరమో ఆ రెండు పేర్లూ గుర్తు చేస్తూనే ఉంటాయి.

సర్జరీ చేతిపని, అందులో ప్రతిభే కొలమానం, కులమేమిటి అని అడిగేవాళ్లుంటారు. వాళ్లు చరిత్ర చూడాలి. 1836లో కలకత్తా మెడికల్ కాలేజీలో మధుసూదన్ గుప్తా శవాన్ని కోయడం గొప్ప సాహసంగా చెప్పుకున్నారు. ఎందుకంటే అగ్రకులాల దృష్టిలో శవాన్ని ముట్టడం మైల. ఇవాళ కూడా చాలా ప్రభుత్వ ఆస్పత్రుల మార్చురీల్లో పోస్టుమార్టం కోసం శవాన్ని కోసేది, తిరిగి కుట్టేది ఎక్కువగా దళిత కులాల కార్మికులే. రిపోర్టు మీద సంతకం డాక్టర్‌ది. కోయడం, కుట్టడం మన చేతులకు కొత్త కాదు. ఆ పనికి గౌరవం, జీతం, పదవి వచ్చిన చోటే మన చేతులకు అడ్డం పడుతున్నారు.

ఇక నియమాల సంగతి. లింగ్డో కమిటీ సిఫారసులను సుప్రీంకోర్టు 2006 సెప్టెంబర్‌లో అమలు చేయమంది. నామినేషన్ పద్ధతి ఉన్న సంస్థలు ఐదేళ్లలో ఎన్నికల పద్ధతికి మారాలని అందులో ఉంది. ఆ గడువు 2011తోనే ముగిసింది. తెలంగాణలోనేమో 1980ల చివరలో ఆగిన విద్యార్థి సంఘాల ఎన్నికలు చాలా కాలేజీల్లో మళ్లీ జరగనే లేదు. ఒకటి రెండు తరాలకు ఓటు అడగడం, ఓడిపోవడం, మళ్లీ నిలబడటం అలవాటు లేకుండా పోయింది. పెద్ద ఎన్నిక లేనిచోట చిన్న క్లబ్బులే నాయకత్వానికి బడులవుతాయి. అవి కూడా సిఫారసుతో నడిస్తే నష్టపోయేది మొదటి తరం విద్యార్థులే.

లింగ్డో నియమాల్లో జాగ్రత్తగా చూడాల్సినదీ ఒకటుంది. పోటీ చేసే ఏడాది సబ్జెక్టులు మిగిలి ఉండకూడదంటాయి అవి. తెలుగు మీడియం నుంచి వచ్చి మొదటి ఏడాది అనాటమీలో తడబడి, సప్లిమెంటరీలో గట్టెక్కిన విద్యార్థి ఉంటారు. ఒక క్లబ్బుకు అదే నియమం అరువు తెచ్చుకుంటే ఆ విద్యార్థిని తలుపు దగ్గరే ఆపేసినట్టు అవుతుంది. ఖర్చు 5,000 రూపాయలు దాటకూడదన్న నియమం మాత్రం తీసుకోదగినది.

మరి చేయాల్సిందేమిటి? సొసైటీకి రాతపూర్వక నిబంధనలుండాలి. నామినేషన్ తేదీ నోటీసు బోర్డు మీద పెట్టాలి. రహస్య ఓటింగ్ జరగాలి, పదవి ఏడాదికే పరిమితం కావాలి. అభ్యర్థి తెలుగులో మాట్లాడినా చెల్లాలి. అమ్మాయిల హాస్టల్ గేటు మూసే వేళకు ముందే సమావేశాలు ముగియాలి. కార్యవర్గంలో ఎస్సీ, ఎస్టీ, బీసీ, మహిళా స్థానాలుండాలి, ప్రెసిడెంట్ పదవి రొటేషన్‌లో మారాలి. సర్పంచ్ పదవికి రాజ్యాంగం 243డి అధికరణ ద్వారా ఆ ఏర్పాటు ఎప్పుడో చేసింది. డాక్టర్లు కాబోయేవాళ్ల క్లబ్బుకు అది ఎక్కువేమీ కాదు. అయితే రిజర్వు సర్పంచ్‌ను కుర్చీలో కూర్చోబెట్టి పెత్తనం వేరేవాళ్లు చేసిన ఊళ్లు మనకు తెలుసు. కాబట్టి సొసైటీ డబ్బు, కార్యక్రమాల క్యాలెండర్, వాట్సాప్ గ్రూపు అడ్మిన్ హక్కు ఎన్నికైనవాళ్ల చేతిలోనే ఉండాలి.

నిలబడాలనుకునే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు మేం చెప్పేది ఇది. ఒంటరిగా కాదు, ప్యానెల్‌గా నిలబడండి. మాదిగ, మాల, నేతకాని, గోండు, లంబాడా, బీసీ, ముస్లిం మిత్రులను కలుపుకోండి, కలిసొచ్చే ఇతర కులాల స్నేహితులనూ పిలవండి. ఫీజు లేని కుట్ల వర్క్‌షాపు, మొదటి ఏడాది వాళ్లకూ సభ్యత్వం, థియేటర్‌కు వెళ్లే వంతులు జాబితా ప్రకారం అన్న మూడు హామీలు చాలు. కుట్లు అరటి తొక్క మీద కూడా నేర్చుకోవచ్చు, దానికి పెద్ద ఖర్చు లేదు. గతంలో ఎంపిక ఎలా జరిగిందో కాలేజీ చెప్పకపోతే, ప్రభుత్వ కాలేజీ కాబట్టి సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయలతో దరఖాస్తు పెట్టండి. 30 రోజుల్లో జవాబివ్వాలి.

ఓడిపోవచ్చు. అయినా ఓటు జరిగితే మరుసటి ఏడు ‘మేం ఎంపిక చేశాం’ అనడం ఎవరికీ అంత తేలిక కాదు. మంచిర్యాల, రామగుండం, ఆసిఫాబాద్ కాలేజీల్లో అలవాట్లు ఇంకా గట్టిపడలేదు. ప్రిన్సిపాళ్లు ఈ ఏడాదే ఒక సర్క్యులర్ ఇవ్వొచ్చు. విద్యార్థులు ఈ ఏడాదే దాన్ని అడగొచ్చు.