కట్టు కట్టువాడెవడు?

ఎముక విరిగినవాడు పుత్తూరు దారి పట్టును. చెన్నపట్టణమునుండియు, బెంగుళూరునుండియు, ఇంకను దూరప్రాంతములనుండియు రైలెక్కియు బస్సెక్కియు జనులు తరతరములుగా వచ్చుచునే యున్నారు. వచ్చినవాడు కట్టు కట్టువానిని చూచి, నీ దేశమేది, నీ భాష యేది యని అడుగడు. ఈ చేయి ఇంతకుముందు ఎన్ని ఎముకలను సరిచేసినదని మాత్రమే విచారించును. నమ్మకము కుదిరినచో విరిగిన చేతిని ముందుకు చాచును. పసరు పూసి, వెదురుబద్దలు పెట్టి, గుడ్డ చుట్టి, ఇన్నాళ్ళవరకు విప్పరాదని అతడు చెప్పిన మాటను తలదాల్చి ఇంటికి పోవును. మూడవనాడు నొప్పి పుట్టినదని ఆ కట్టు విప్పి, మఱియొకనిచేత వేఱొక కట్టు కట్టించుకొనువానికి ఎముక అతుకదు. అతికినను వంకరగా అతుకును. ఈ సంగతి మా యూరి పిల్లలకును తెలియును. అఖిలభారత ఫుట్‌బాల్ సమాఖ్యవారికి మాత్రము తెలిసినట్లు కనబడదు.

2025 అక్టోబరు 14వ తేదీన గోవాలోని మడ్గావ్‌లో మన జాతీయ జట్టు సింగపూరు చేతిలో 1-2 గోలులతో ఓడి, 2027 ఆసియా కప్పునకు అర్హత పొందు ఆశను పోగొట్టుకొన్నది. మరుసటి నెల 18వ తేదీన ఢాకాలో బంగ్లాదేశ్ చేతిలో 0-1తో ఓడినది. 2023లో ప్రపంచ పట్టికలో 99వ స్థానమునకు ఎక్కిన జట్టు 2025 నవంబరునాటికి 142వ స్థానమునకు జారినది. నూట నలుబది కోట్ల జనము గల దేశము, అరువది లక్షల జనము గల ద్వీపమునెదుట తలవంచినది. నాటినుండి పఠనమందిరములలో పత్రిక తెఱచిన ప్రతివాడును అడుగుచున్న ప్రశ్న యొక్కటే: ఈ జట్టునకు తరువాతి శిక్షకుడెవడు? స్వదేశీయుడే కావలెనని కొందఱు బల్ల గుద్దుచున్నారు. ఐరోపానుండి తెచ్చినగాని లాభము లేదని మఱికొందఱు పెదవి విఱచుచున్నారు.

స్వదేశాభిమానమున మేము ఎవరికిని తీసిపోము. అయినను ఈ వివాదమున ఏ పక్షమునను చేరజాలము. ఇరుపక్షములవారును అడుగవలసిన ప్రశ్నను విడిచి అక్కఱలేని ప్రశ్నను పట్టుకొని పెనుగులాడుచున్నారని మా యభిప్రాయము. ఎవడు వచ్చునని అడుగుటకు ముందు, వానిని ఎవరు, ఏ కొలతతో, ఏ షరతులపై ఎన్నుకొందురో అడుగవలెను. ఎన్నుకొన్నవానికి ఎంత కాలమిత్తురో, ఏ యధికారమిత్తురో అడుగవలెను. ఈ ప్రశ్నలకు జవాబు లేనంతకాలము దేవేంద్రుడు దిగివచ్చి శిక్షకుడైనను ఫలము శూన్యమే.

గడచిన కొన్ని యేండ్ల చరిత్రను సమాఖ్యవారి యెదుట ఉంచెదము. 1998 ప్రపంచకప్పులో మూడవ స్థానము పొందిన క్రొయేషియా జట్టులో ఆడిన ఇగోర్ స్టిమాచ్‌ను 2019లో శిక్షకునిగా తెచ్చిరి. 2023 అక్టోబరులో ఆయన ఒప్పందమును 2026 వరకు పొడిగించిరి. 2024 జనవరిలో ఆసియా కప్పులో మన జట్టు మూడాటలును ఓడి, ఒక్క గోలైనను చేయక తిరిగివచ్చినది. అదే సంవత్సరము జూన్ 17న ఆయనను తొలగించిరి. పొడిగించి తొమ్మిది నెలలైనను నిండలేదు! తొలగింపు ఏ పరిస్థితిలో ఎట్లు జరుగవలెనో ముందుగా ఆలోచింపనందున వివాదము ముదిరి, తుదకు 4,00,000 అమెరికా డాలర్ల పరిహారమునకు ఒప్పుకొనవలసివచ్చినది. ఆ ధనముతో ఎన్ని జిల్లాలలో ఎందఱు బాలురకు బంతులు, బూట్లు, పచ్చిక మైదానములు సమకూడియుండెడివో పాఠకులే లెక్కించుకొందురుగాక.

స్టిమాచ్ కాలమున జట్టు ఎంపికకై ఆటగాండ్ర పేరులను ఒక జ్యోతిష్కునికి పంపి అభిప్రాయమడిగిరని 2023లో పత్రికలు బయటపెట్టినవి. పెండ్లికి ముహూర్తము చూచుకొందుము, గృహప్రవేశమునకు చూచుకొందుము. ఎడమప్రక్క రక్షకుడుగా ఎవడాడవలెనో నక్షత్రములు చెప్పునని మాత్రము మా ప్రాంతపు పంచాంగకర్తలును ఎన్నడు అనలేదు.

తరువాత 2024 జూలైలో స్పెయిన్ దేశీయుడు మనోలో మార్కెజ్‌ను నియమించిరి. ఆయన సమర్థుడు. 2021-22లో హైదరాబాదు జట్టును ఇండియన్ సూపర్ లీగు విజేతగా నిలిపినవాడు. కాని ఆయన జాతీయ జట్టును నడపుచునే ఆ యేడంతయు గోవా క్లబ్బునకును శిక్షకుడుగా నుండెను. ఒక చేత క్లబ్బు కళ్ళెము, ఒక చేత దేశపు కళ్ళెము! రెండు పడవలపై కాళ్ళుంచినవాని గతి యేమగునో మనకు క్రొత్తగా చెప్పవలసినది లేదు. ఎనిమిది ఆటలలో ఒకటి గెలిచి, నాలుగు సమముగా ముగించి, మూడు ఓడి 2025 జూలైలో వెడలిపోయెను. సికిందరాబాదున పుట్టిన సునీల్ ఛెత్రీ 2024 జూన్‌లో అంతర్జాతీయ క్రీడనుండి విరమించినవాడు. నలుబదియేండ్ల వయసున 2025 మార్చిలో ఆయనను మరల పిలువవలసివచ్చెననిన, ఆ జట్టు స్థితిని ఇంతకంటె వర్ణింపనక్కఱలేదు.

ఆ ఖాళీకి 170 దరఖాస్తులు వచ్చినవి. అందు బార్సిలోనాకు శిక్షకుడుగా పనిచేసిన షావి హెర్నాండెజ్ దరఖాస్తును కలదను మాట బయటికి పొక్కి లోకమంతయు వ్యాపించినది. తుదకు అది ఎవరో ఆకతాయి పంపిన బూటకపు ఉత్తరమని సమాఖ్యవారే ప్రకటించిరి. తాసీల్దారు కచ్చేరిలో అర్జీ ఇచ్చినవాడు నిజముగా ఆ పేరింటివాడేనా యని గుమాస్తాయైనను విచారించును. దేశపు జట్టునకు గురువును వెదకువారికి ఆపాటి విచారణయు లేకపోయెను. ఎట్టకేలకు 2025 ఆగస్టు 1న, 2016-17లో ఐజాల్ వంటి చిన్న క్లబ్బుతో ఐ-లీగు గెలిచిన ఖాలిద్ జమీల్‌ను నియమించిరి. దశాబ్దమునకు పైగా ఆ పదవి పూర్తి హోదాతో భారతీయునికి దక్కుట అదియే మొదలు. మేము సంతసించితిమి. కాని మొదటి పోటీకే కొన్ని క్లబ్బులు ఆటగాండ్రను విడువలేదు. అటులైనను ఆ జట్టు మధ్య ఆసియా పోటీలలో ఒమాన్‌ను పెనాల్టీలలో ఓడించి మూడవ స్థానము పొందినది. రెండు నెలలు తిరుగకముందే సింగపూరు చేతి ఓటమి రాగా, 'తరువాత ఎవరు' అను పాటను మనవారు మరల ఎత్తుకొనిరి.

ఇప్పుడు వెనుకకు చూతము. ఈ దేశమున శిక్షకుడనదగినవాని కథ హైదరాబాదులో ఒక బడిపంతులుతో మొదలగుచున్నది. 1909లో జన్మించిన సయ్యద్ అబ్దుల్ రహీం పాఠశాలలలో ఉపాధ్యాయుడు. 1943నుండి హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘమునకు కార్యదర్శి. ఆయన శిక్షణలో హైదరాబాదు నగర పోలీసు జట్టు 1950 మొదలు 1954 వరకు వరుసగా అయిదు పర్యాయములు రోవర్స్ కప్పు గెలిచినది. 1951లో ఢిల్లీ ఆసియా క్రీడలలో ఇరాన్‌ను 1-0తో ఓడించి మన దేశము స్వర్ణము పొందినది ఆయన శిక్షణలోనే.

మరుసటి యేడు హెల్సింకీ ఒలింపిక్సులో, పలువురు ఉత్తకాళ్ళతో ఆడిన ఆ జట్టే యుగోస్లావియా చేతిలో 1-10తో చిత్తుగా ఓడినది. నేటి సమాఖ్యవారైనచో ఏమి చేసియుందురో ఊహింపవచ్చును. నాటివారు ఆయనను మరల రాకుండ త్రోసివేయలేదు. రహీం సాహెబు ఆ యొలింపిక్సులో స్వర్ణము గెలిచిన హంగేరీవారి ఆటనుండి పాఠము నేర్చెను. పాత పద్ధతిని విడిచి నలుగురు వెనుక, ఇద్దఱు నడుమ, నలుగురు ముందు ఆడు క్రొత్త పద్ధతిని మనవారికి నేర్పెను. 1956లో మెల్‌బోర్న్‌లో ఆతిథేయ ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి, ఒలింపిక్సులో నాలుగవ స్థానమున నిలిచిన మన జట్టు ఆయనదే. గురువు స్వదేశీయుడు, విద్య లోకమంతటిది. ఈ రెంటికిని విరోధమున్నదనువారు రహీం చరిత్ర చదువవలెను.

1962 జకార్తా కథ ఇంకను బోధకరమైనది. మొదటి యాటలోనే దక్షిణ కొరియా చేతిలో 0-2తో ఓడిరి. రక్షణపంక్తిలో మూలస్తంభమైన జర్నైల్ సింగుకు తల పగిలెను. రహీం సాహెబు అతనిని వెనుకనుండి తీసి, తలకు కట్టుతోనే ముందువరుసలో నిలిపెను. ఏ నక్షత్రము చెప్పినది ఈ మాట? ప్రతి ఆటగాని ఎముకయు కండయు గుండెయు ఎఱిగిన గురువునకు తోచిన మాట యిది. జర్నైల్ సింగు సెమీఫైనలులో గోలు చేసెను. సెప్టెంబరు 4న జరిగిన తుది యాటలో అదే దక్షిణ కొరియాపై ఒక గోలు ఆయనయు, ఒక గోలు పి. కె. బెనర్జీయు చేయగా 2-1తో స్వర్ణము మనకు దక్కెను. పీటర్ తంగరాజ్, తులసీదాస్ బలరాం, యూసుఫ్ ఖాన్ వంటి హైదరాబాదు మైదానముల బిడ్డలు ఆ జట్టులో నుండిరి. మరుసటి యేట, 1963 జూన్ 11న, రహీం సాహెబు క్యాన్సరు వ్యాధికి బలియయ్యెను. ఆ తరువాత నేటివరకు ఆసియా క్రీడల ఫుట్‌బాల్ స్వర్ణము మన దేశమునకు రాలేదు.

విదేశీయుడు పనికిరాడని దీని యర్థము కాదు. 1984లో మనలను మొదటిసారి అర్హతపోటీల ద్వారమున ఆసియా కప్పునకు చేర్చినవాడు యుగోస్లావియాకు చెందిన మిలోవన్ చిరిచ్. తరువాత ఇరువదియేడేండ్లు ఆ వాకిలి మూసియేయున్నది. దానిని తెఱచినవాడు ఆంగ్లేయుడు బాబ్ హౌటన్. ఆయన 2006లో వచ్చి 2011 వరకు నిలిచెను. 2008లో ఏఎఫ్‌సీ ఛాలెంజ్ కప్పు ఆటలు మన హైదరాబాదున మొదలై ఢిల్లీలో ముగియగా, తుది యాటలో తజికిస్తాన్‌ను 4-1తో ఓడించిన విజయమే ఆ తాళపుచెవి. హౌటన్‌కు కాలమిచ్చిరి; సుదీర్ఘమైన శిబిరములకై ఆటగాండ్రనిచ్చిరి. ఫలము కనబడినది. హైదరాబాదు పంతులునకును, ఇంగ్లండు దొరకును దేశమొకటి కాదు, భాషయొకటి కాదు. ఇద్దఱికిని సమానముగా దొరకినవి నమ్మకము, గడువు.

ఓడుచున్న శిక్షకుని ఎంతకాలము మోయవలెనని మమ్ము అడుగువారుందురు. సమంజసమైన ప్రశ్నయే. అసమర్థుని ఆజన్మాంతము భరింపుమని మేమనుట లేదు. కట్టు విప్పు దినమేదో కట్టునాడే నిర్ణయింపుమనుచున్నాము. కావున మేము కోరునవి ఇవి.

మొదటిది: సాంకేతిక సంఘమువారు ఏయే యర్హతలు చూతురో దరఖాస్తులు పిలుచునాడే అచ్చువేసి ప్రకటింపవలెను. ఎన్నిక ముగిసినపిదప, ఇతనినే ఏల ఎన్నుకొంటిమో కారణములు వ్రాసి జనుల ముందుంచవలెను. కారణము చెప్పలేని యెన్నిక ఎన్నిక కాదు, చీటీపాట.

రెండవది: గడువు ఆసియా కప్పునుండి ఆసియా కప్పు వరకు, అనగా నాలుగేండ్లు. రెండేండ్లకు ఒక పరీక్ష. తొలగింపవలసివచ్చినచో ఏ షరతుపై, ఎంత పరిహారముతోనో ఒప్పందమునందే యుండవలెను.

మూడవది: జాతీయ జట్టు గురువు మఱియొక క్లబ్బు జీతము తినరాదు.

నాలుగవది: ఆటగాండ్రను ఏ తేదీన విడుతురో క్లబ్బులతో సంవత్సరారంభముననే వ్రాతమూలకముగా కుదుర్చుకొనవలెను. సైన్యము లేని సేనాపతికి కిరీటము పెట్టి యుద్ధమునకు పంపుట పరిహాసము.

నియమములు వ్రాయుటకు తాటియాకులు కొఱవడలేదు. సమాఖ్యకు నూతన నిబంధనావళి ముసాయిదాను మన తెలుగువారైన విశ్రాంత న్యాయమూర్తి లావు నాగేశ్వరరావుగారు సిద్ధపరుపగా, 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు కొన్ని సవరణలతో ఆమోదించెను. ఇల్లు కట్టి యిచ్చినారు. దీపము వెలిగించుట ఇంటివారి పని.

తుదకు మనలను గూర్చి ఒక మాట. సమాఖ్యను నిందించి చేతులు కడుగుకొనుట సులభము. 1956-57, 1957-58 సంవత్సరములలో హైదరాబాదును, 1965-66లో ఆంధ్రప్రదేశ్‌ను సంతోష్ ట్రోఫీ గెలిచినవి. జాతీయ జట్టునకు నాయకుడై 1970లో బ్యాంకాకున కాంస్యము తెచ్చి, పిదప శిక్షకుడును అయిన సయ్యద్ నయీముద్దీన్ హైదరాబాదువాడు. నేడో? ఇండియన్ సూపర్ లీగులో హైదరాబాదు పేరు మోసిన క్లబ్బును 2025లో ఢిల్లీకి తరలించుకొనిపోయిరి. ఎవరి కంటను నీరు పెట్టలేదు. మన సీమలో అనంతపురమున స్వచ్ఛందసేవకులు పల్లె బాలబాలికలకు మైదానములు కట్టి బంతి నేర్పిరి. తక్కిన జిల్లాలలో ఎన్ని యున్నత పాఠశాలలకు ఆటస్థలము మిగిలియున్నదో, వ్యాయామోపాధ్యాయుడు బంతిని ముట్టి ఎన్నాళ్ళయినదో ఎవరి వారు తమ యూరిలో విచారించుకొందురుగాక. రహీం సాహెబు ఆకాశమునుండి ఊడిపడలేదు. బడినుండి వచ్చెను. బడిలో ఆట లేనినాడు స్వదేశీ గురువు కావలెనని కేకలు వేయుట, విత్తనము చల్లక కళ్ళము ఊడ్చుటవంటిది.

తరువాతి శిక్షకుడు మలయాళియైనను, మణిపురివాడైనను, స్పెయిన్‌వాడైనను మాకు సమ్మతమే. వాని చేయి ఎట్టిదో ముందు పరీక్షింపుడు. పరీక్షించి నమ్మినపిదప కట్టు కట్టనిండు. గడువు తీరువఱకు విప్పకుడు. ఇది మా పుత్తూరు నేర్చిన శాస్త్రము. విరిగిన జట్టునకును ఇంతకంటె వేఱు వైద్యము లేదు.